సువోర్వా నీళ్ల కింద ఇళ్లు

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పచ్చడిలోకి వేపపువ్వు కర్నూలు నుంచి మోసుకొచ్చిన తల్లికి ప్రత్యేకంగా నమస్కారం. కొత్తగా లులియో పట్టణానికి వచ్చిన పిల్లలకు స్వీడన్ ఉత్తరాన ఉన్న మన నోర్‌బొట్టెన్ కౌంటీ గురించి పది నిమిషాలు చెప్పమని కమిటీవాళ్లు అడిగారు.

లెక్కలు త్వరగా చెప్పేస్తాను. స్వీడన్ నేలలో ఇంచుమించు నాలుగో వంతు మన కౌంటీదే. జనం మాత్రం రెండున్నర లక్షలు. మున్సిపాలిటీలు 14. గవర్నర్‌ని స్టాక్‌హోమ్ ప్రభుత్వం నియమిస్తుంది. ఆసుపత్రులు నడిపే రీజియన్‌ను మనం ఓట్లేసి ఎన్నుకుంటాం. వరసగా మూడేళ్లు స్వీడన్‌లో నివాసం నమోదై ఉంటే పౌరసత్వం లేకపోయినా ఆ ఓటు మీకుంటుంది. వదులుకోకండి.

ఇక బతుకుతెరువు: ఇనుము, అడవి, నీటి కరెంటు. కిరునా గని ఖనిజం 1902లో పూర్తయిన రైలుమార్గంలో నార్వేలోని నార్విక్ రేవుకు పోతుంది. ఆ రైళ్లకు కరెంటు కోసం లులే నది మీద పోర్యుస్‌లో విద్యుత్ కేంద్రం కట్టారు. 1915లో అది మొదలైంది. చలికాలంలో నదిలో ప్రవాహం తగ్గిపోతుంది కాబట్టి పైన సువోర్వా దగ్గర 1919-23 మధ్య ఆనకట్ట కట్టి నీళ్లు నిలబెట్టారు. ఆ ప్రాంతాన్ని 1909లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. పదేళ్లకే పార్లమెంటు ఆ భాగాన్ని పార్కులోంచి తీసేసింది.

ఉక్కు, డేటా సెంటర్ల మీద కూడా రాసుకొచ్చాను. ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను, క్షమించండి.

సువోర్వా సరస్సుల ఒడ్డున రెయిన్‌డీర్ మందలతో వచ్చే సామీ కుటుంబాలు, అంటే ఇక్కడి ఆదివాసులు, ఉండేవి. వాళ్ల గుడిసెలు మునిగాయి. పైకి జరిగి మళ్లీ వేసుకున్నారు. ఆనకట్టను ఇంకో మూడుసార్లు ఎత్తు పెంచారు.

1981లో కృష్ణ ఒడ్డున మా ఊరు కూడా ఆనకట్ట నీళ్లలో మునిగింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా అమ్మ ద్వారబంధం గడపతో సహా ఊడదీయించి ఎద్దులబండి ఎక్కించింది. కొత్త స్థలంలో రెండేళ్లు ఇల్లు లేవలేదు. ద్వారబంధం చింతచెట్టుకు ఆనించి ఉండేది. అమ్మ ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది. దాని వెనక ఇల్లు లేదు, చెట్టే ఉంది.

2025 ఆగస్టులో కిరునా చర్చి కదలడం మీరూ చూసే ఉంటారు. గని వల్ల నేల కుంగుతోందని 672 టన్నుల చెక్క కట్టడాన్ని బండ్ల మీదికెత్తి రెండు రోజుల్లో ఐదు కిలోమీటర్లు తీసుకెళ్లారు. అందుకోసం రోడ్డు వెడల్పు చేశారు. రాజుగారు వచ్చారు. నేనూ వెళ్లాను, కళ్లనీళ్లు ఆగలేదు. 1912 నాటి ఆ చర్చిని ఏ ఆకారంలో కట్టారో తెలుసా? సామీ గుడిసె ఆకారంలో! అసలు గుడిసెల్ని ఎత్తి జరపడానికి ఎవరూ రాలేదయ్యా. ఎవరూ రాలేదు.

పిల్లలూ, మే నెలలో, మంచు కరిగి జలాశయం నిండకముందు, అక్కడ ఒడ్డు చాలా దూరం బయటపడి ఉంటుంది. పోర్యుస్ మీదుగా సువోర్వా వెళ్దాం. నా కారులో నలుగురికి చోటుంది, ఇంకో రెండు కార్లు కావాలి. భోజనాల దగ్గర పేర్లివ్వండి.