అలా వెళ్ళొస్తాను

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, మా కాలనీ మహిళల సమావేశంలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించావు, థాంక్స్ బాబూ. నా ఎత్తుకి ఇది చాలు.

నన్ను పిలిచినవాళ్ళు కుటుంబం గురించి, ఆడవాళ్ళ జీవితం గురించి, చిన్న చిన్న సంతోషాల గురించి మాట్లాడమన్నారు. వారం రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు ముక్కలు రాయడం, కొట్టేయడం. ఇంతలో మొన్న సాయంత్రం మా ఆయన చొక్కా తగిలించుకుంటూ గుమ్మం దగ్గర ఓ మాటన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ వింటున్న మాటే. "అలా వెళ్ళొస్తాను." హమ్మయ్య, దొరికింది అనుకున్నాను. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ‘అలా’ గురించే.

‘అలా’ అంటే ఎక్కడికి? సందు చివర టీకొట్టుకి కావచ్చు, స్నేహితుడింటికి కావచ్చు, ఎక్కడికీ కాకపోనూ వచ్చు. గంటన్నరకి తిరిగొస్తారు. "ఎక్కడిదాకా వెళ్ళారు?" అంటే "ఇక్కడే" అంటారు. అబద్ధమేం కాదు. ఇక్కడికే వెళ్ళుంటారు.

ఇప్పుడు మీరు ఒక్క నిమిషం గుర్తు తెచ్చుకోండి. మీ అమ్మగారు గానీ అమ్మమ్మ గానీ చెప్పులేసుకుంటూ "అలా వెళ్ళొస్తాను" అనడం ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. కూరగాయలకి వెళ్ళొస్తా. గుడికి వెళ్ళొస్తా. జాకెట్టు కుట్టడానికి ఇచ్చొస్తా. మనం గడప దాటాలంటే ఆ మాటలో ఓ పని ఉండాలి, చేతిలో ఓ సంచీ ఉండాలి.

మా పుట్టిల్లు వన్‌టౌన్‌లో. మార్గశిర మాసం వస్తే మా అమ్మ వేరే మనిషైపోయేది. గురువారం తెల్లవారుజామున మూడింటికే లేచి, పక్కింటావిణ్ణీ ఎదురింటావిణ్ణీ లేపి, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి బయల్దేరేది. ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఆ అమ్మవారికి గర్భగుడిమీద కప్పు లేదు. ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. మనమే వెళ్ళి మన చేత్తో పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. చిన్నప్పుడు నేను "అమ్మా, పాపం అమ్మవారికి ఇల్లు లేదేంటి?" అని అడిగితే మా అమ్మ, "ఇల్లు లేదు గనక ఇంటిపని కూడా లేదు, హాయిగా ఉంది" అంది. అని, చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసి, లెంపలేసుకుంది.

దర్శనానికి పట్టేది మహా అయితే గంట, రద్దీగా ఉంటే రెండు గంటలు. అమ్మ ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటేది. మిగతా టైమంతా ఏమైందో మా నాన్న ఎప్పుడూ అడగలేదు. అమ్మవారి పేరు చెప్పాక ఎవరడుగుతారు? నేను వెంట వెళ్ళాను కాబట్టి నాకు తెలుసు. గాజుల బండి దగ్గర అరగంట. ఒకావిడ అరుగు మీద కూర్చుని కబుర్లు. వేడి ఇడ్లీ ఆకులో పెట్టించుకుని, నిలబడి, మా అమ్మ అందరికంటే ముందు తినేది. ఇంట్లో ఆవిడ అందరికంటే ముందు తినగా నేను చూడలేదు. ఏడాదిలో ఆ నాలుగైదు గురువారాలే.

వడియాల సంగతి కూడా చెప్పాలి. వేసవిలో మేడమీద వడియాలు పెట్టడం మీరంతా చేసే ఉంటారు. అసలు పని గంటన్నర. గుమ్మడికాయ ముందురోజే తరిగేసి ఉంటుంది, పిండి రుబ్బేసి ఉంటుంది. తడిగుడ్డ పరిచి పెట్టేయడమే. కానీ కాకులు! కాకులు ఎత్తుకుపోతాయని ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా. ఆ కాపలాకి నలుగురు ఆడవాళ్ళు. వాటర్ ట్యాంకు నీడలో చాప వేసుకుని, చేతికో కర్ర పెట్టుకుని, మధ్యాహ్నం మూడు దాకా. మా మేడ మీంచి సముద్రం ఒక చీలిక కనిపించేది, హార్బరు బయట లంగరేసిన ఓడలు కనిపించేవి. నిన్న ఐదున్నాయి, ఇవాళ నాలుగే, ఒకటి లోపలికి వెళ్ళిపోయింది అని లెక్కపెట్టేవాళ్ళు. ఓడలతో వాళ్ళకేం పని? కాకులతో కూడా అంతే అనుకోండి. ఒక్క కాకిని తరమగా నేను చూళ్ళేదు.

ఇక నా సంగతి. 1981లో టెలిఫోన్స్‌లో ఆపరేటరుగా చేరాను. ఇక్కడ కూర్చున్న చిన్నపిల్లలకి ట్రంక్ కాల్ అంటే తెలియదు. వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ అయితే గంటలు పట్టొచ్చు. అర్జెంటుకి రెట్టింపు. లైటనింగ్ కాల్ అయితే మామూలు దానికి ఎనిమిది రెట్లు. అది బుక్ అయిందంటే ఎవరింట్లోనో ఏదో జరిగిందని మాకు తెలిసిపోయేది. మూడు నిమిషాలు కాగానే లైన్లోకి వెళ్ళి, "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని అడగాలి.

మాటలు వినకూడదు. రూలు. విన్నాం.

మగవాళ్ళ కాల్స్ సరుకు గురించి, డబ్బు గురించి. రెండు నిమిషాల్లో తేలిపోయేవి. ఆడవాళ్ళ కాల్స్ ఎప్పుడూ ఓ పనితో మొదలయ్యేవి. "అప్పడాలు పంపాను, అందాయా?" "పెద్దాడికి జ్వరం తగ్గిందా?" అలా రెండున్నర నిమిషాలు. నేను పొడిగించమంటారా అని అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. అప్పుడు అసలు మాట బయటికొచ్చేది. "ఏం లేదమ్మా, నీ గొంతు వినాలనిపించింది." అప్పడాలు ఎప్పుడో అందాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, మధ్యలో నాకూ తెలుసు.

ఇప్పుడొక నేరం ఒప్పుకోవాలి. మా ఆయన వెనక వరసలో ఉన్నారు, ఉండనివ్వండి. ఉదయం షిఫ్టయితే నా డ్యూటీ రెండింటికి అయిపోయేది. ఇంట్లో మూడున్నర అని చెప్పాను. కొన్నేళ్ళపాటు చెప్పాను. వారంలో ఒకరోజు ఆ గంటన్నర కోసం 28 నంబరు బస్సెక్కి ఆర్.కె. బీచ్‌లో దిగేదాన్ని. ఏం చేసేదాన్నంటే, ఏమీ లేదు. కూర్చునేదాన్ని. పొద్దున్నుంచీ చెవులకి హెడ్‌సెట్టు, జనాల గొంతులు. అక్కడ ఒక్కటే చప్పుడు. సముద్రం నన్నేమీ అడగదు. ఏం వండావనీ అడగదు, నంబరు చెప్పమనీ అడగదు.

ఒకరోజు మా అత్తగారు నా చీర తడపబోతూ కుచ్చిళ్ళు దులిపారు. బాత్రూం గట్టు మీద ఇసక రాలింది. ఆవిడది అనకాపల్లి దగ్గర పల్లె. నా వంక చూసి, "ఏటమ్మీ, మీ టెలిఫోను ఆఫీసులో ఇసక పోస్తన్నారేటి?" అన్నారు. నాకు నోట్లో తడారిపోయింది. ఆవిడ ఇంకేమీ అనలేదు, చీర తడిపి ఆరేశారు. కొడుక్కి చెప్తారని రెండు వారాలు నాకు ఒకటే టెన్షన్. చెప్పలేదు. తర్వాత ఓ రాత్రి బియ్యంలో రాళ్ళేరుకుంటూ, తలెత్తకుండానే, "ఈపాలి ఇసక తేడానికెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళు" అన్నారు.

అప్పటికి ఆవిడ ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళు. సముద్రం చూసింది రెండుసార్లు, రెండూ కార్తీక పౌర్ణమి స్నానాలకే. ఏం చెప్పి తీసుకెళ్ళాలి? కళ్ళ డాక్టరు అన్నాం. బీచ్‌లో దిగాక ఆవిడ సముద్రాన్ని చూసి ఏమైనా అంటారేమోనని నేను ఎదురుచూశాను. ఏమీ అనలేదు. మురీ మిక్చరు పొట్లం తిని, నిమ్మకాయ సరిగ్గా పిండలేదని బండివాడితో తగువు పడ్డారు. తర్వాత పడవ నీడలో ఇసకలో పడుకుని, కొంగు మొహంమీద కప్పుకుని, గంటసేపు నిద్రపోయారు. గుర్రు పెట్టి మరీ.

అప్పటిదాకా నేను గమనించలేదు. మా ఇంట్లో ఆవిడ పగలు నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారుగా, వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆవిడకి కావాల్సింది సముద్రం కూడా కాదేమో, ఎవరూ పిలవని చోటు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కళ్ళు చూపించుకున్నాం. ఒక్క డాక్టరూ చూడలేదు. అదిగో, మా ఆయన నవ్వుతున్నారు. ఆయనకి ఈ సంగతి ఇవాళే తెలిసింది.

హుద్‌హుద్ తుఫాను రోజులు చెప్పి ముందుకెళ్తాను. 2014 అక్టోబరు 12. చెట్లు కూలిపోయాయి, కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. బాధలు అందరికీ తెలిసినవే. అయినా మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ రోజుల మాటొస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. బకెట్లు పట్టుకుని అందరం రోడ్డుమీదే ఉన్నాం. సెల్లారులో ఒకే పొయ్యి, ఒకే గుండిగలో అన్నం, రాత్రిళ్ళు మేడమీద పడక. ఎవరూ ఎవర్నీ ఎక్కడికని అడగలేదు. సంతోషం అనడానికి నోరు రాదు, నష్టపోయినవాళ్ళున్నారు. కానీ వేరే మాట నాకు తెలియట్లేదు.

లెక్కలు కూడా కాస్త చెప్తాను, మళ్ళీ ఉత్త కబుర్లంటారు. కేంద్ర ప్రభుత్వం జనం రోజంతా ఏం చేస్తున్నారో అడిగి ఓ సర్వే చేస్తుంది. 2024 సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఆడవాళ్ళది 299. పది నిమిషాలు తగ్గిందే అని సంబరపడ్డాను. పక్క గడి చూస్తే మగవాళ్ళది 97 నుంచి 88కి దిగింది. వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! మిక్సీలు, వాషింగ్ మెషిన్లు ఎవరి పని తగ్గిస్తున్నాయో మీరే చూసుకోండి.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో చాలావాటిల్లో టికెట్ లేదు. దీని ఖర్చు గురించి పెద్దవాళ్ళు వాదించుకుంటారు, నేను అందులోకి వెళ్ళను. నా కాలంలో బస్సు డబ్బులు అడగడమంటే ఎక్కడికో చెప్పడం. నాకు జీతం ఉంది కాబట్టి 28 ఎక్కగలిగాను, మా అత్తగారికి ఆ చిల్లర కూడా చేతిలో ఉండేది కాదు. మొన్న బస్సులో ఒకాయన గొణుక్కుంటున్నాడు, "పనీ పాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు ఆడాళ్ళు" అని. తిట్టేననుకున్నాడు. నాకైతే భలే ముచ్చటేసింది. పనీ పాటా లేకుండా! ఊరికే! మా అమ్మ ఈ మాట వినుంటే ఎంత బాగుండేది.

ఇలా మాట్లాడుతున్నాను గదా అని నేనేదో గొప్పదాన్ననుకోకండి. మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు ఓ శనివారం స్నేహితురాళ్ళతో బీచ్‌కి వెళ్తానంది. "ఏం పని?" అన్నాను. "పనేం లేదమ్మా, అలా." నేను పంపలేదు. నేను, వారానికోసారి అబద్ధమాడి అదే ఇసకలో కూర్చున్న మనిషిని! పనిలేని ఆడపిల్ల బయట ఉంటే భయం అన్నది నాలోకి ఎప్పుడు దూరిందో తెలియదు. ఈ మధ్య ఫోన్లో ఆ మాటెత్తితే దానికి గుర్తే లేదంది. నాకుంది.

మా కోడలు మాత్రం తెలివైంది. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి తొమ్మిదింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "స్టెప్స్ అవ్వలేదు అత్తయ్యా" అని వెళ్ళిపోతుంది. పదివేల అడుగులట. వాచీ లెక్కపెడుతుంది. ఓసారి పాలప్యాకెట్టుకి కిందికి దిగితే పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ పాట వింటోంది. నన్ను చూసి గబుక్కున లేచి నడక మొదలుపెట్టింది. మా అమ్మకి అమ్మవారు, నాకు షిఫ్టు, దీనికి వాచీ. "కూర్చోవే, నేనేం లెక్కపెట్టను" అన్నాను. పక్కకి జరిగి చోటిచ్చింది. పాలు కాస్త వేడెక్కాయి.

సరే, మొన్న మా ఆయన ఆ మాట అన్నారన్నాను కదా. మర్నాడు సాయంత్రం నేను చెప్పులేసుకున్నాను. సంచీ తీసుకోలేదు. గుమ్మంలో నిలబడి, "అలా వెళ్ళొస్తాను" అన్నాను. అరవై దాటాక నోరు తిరగని మాట నేర్చుకున్నట్టుంది.

ఆయన టీవీ సౌండు తగ్గించారు. "ఎక్కడికి?"

"అలా."

"ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాను. బస్సెక్కి బీచ్‌లో దిగి గట్టుమీద కూర్చున్నాను. ఆ పడవలూ లేవు, ఆ బండివాడూ లేడు. ఓడలు మాత్రం ఉన్నాయి, చీకటి పడ్డాక దీపాలు లెక్కపెడితే ఆరు. ఏడింటికి ఫోన్ మోగింది. "ఎలాగూ బయటే ఉన్నావుగా, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట పట్రా."

తేలేదు. ఇంటికెళ్ళేసరికి ఆయనే చారు పెట్టేశారు. కొత్తిమీర లేకపోయినా బాగానే ఉంది. ఉప్పు కాస్త ఎక్కువైంది.

నమస్కారం.