వాబుల్ అంటే ఏంటి? కుదురు లేని కుండని అడగండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఇవాళ్టి పదం వాబుల్. స్పెల్లింగ్ డబ్ల్యూ, ఓ, రెండు బీలు, ఎల్, ఈ. అబ్బే ఇది మాకు తెలీదే అనుకోకండి, 80 దాటితే బండి వాబ్లింగ్ వస్తోంది అన్నా అని మెకానిక్‌కి చెప్తాం కదా, అదే ఇది.

డిక్షనరీ తీస్తే ఊగుట అని ఉంటుంది. అక్కడే తేడా కొడుతుంది, ఎందుకంటే ఉయ్యాల కూడా ఊగుతుంది కానీ దాన్ని వాబుల్ అనరు, స్వింగ్ అంటారు. నన్నడిగితే దీనికి సరైన తెలుగు కుదురు లేకపోవడం. అమ్మమ్మలు గుండ్రటి అడుగున్న కుండ కింద గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్ట చేసి పెట్టేవాళ్లు, దాన్నే కుదురు అంటారు. అది తీసేసి కుండని బండ మీద పెట్టి చూడండి, పడిపోదు, అలాగని నిలబడదు, అటోసారి ఇటోసారి ఒరుగుతూ ఉంటుంది... అదీ వాబుల్!

టిఫిన్ సెంటర్లో టేబుల్ కూడా అంతే, మోచెయ్యి ఆనించగానే అటు ఒరిగి సాంబారు ప్లేటు దాటి మీ ఫోన్ దాకా వచ్చేస్తుంది, అప్పుడు సర్వర్ వచ్చి ఏం చేస్తాడు, అట్టముక్క మడిచి కాలు కింద దూరుస్తాడు. మనం టేబుల్ డాన్స్ చేస్తోంది అంటాం, ఇంగ్లీషులో అయితే ద టేబుల్ ఈజ్ వాబ్లీ. షేక్ అనకండి, షేక్ అంటే గబగబా అదరడం, వాబుల్ కాస్త నెమ్మది. తాగి తూలుతూ నడిచేవాడికి స్టాగర్ అని వేరే మాట ఉంది.

లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం బ్రిడ్జ్ అని ఉంది, నడిచేవాళ్లకి మాత్రమే. 2000 జూన్ 10న తెరిచారు, జనం ఎక్కగానే పక్కలకి ఊగడం మొదలెట్టింది. ఊగుతుంటే మనం పడిపోకుండా కాళ్లు కాస్త ఎడంగా వేస్తాం కదా, వాళ్లూ అలాగే వేశారు, తెలీకుండానే అందరి అడుగులూ ఆ ఊపుతో కలిసిపోయి అది ఇంకా ఊగింది. రెండ్రోజులకే మూసేశారు, కింద ఊపుని తగ్గించే డాంపర్లు అనే పరికరాలు బిగించి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఇప్పుడు కదలదు పాపం, అయినా పేరు మాత్రం వాబ్లీ బ్రిడ్జ్ అనే ఉండిపోయింది.

గొంతుకీ వాడతారు, హర్ వాయిస్ వాబుల్డ్ అంటే ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోందని.

ఇంకోటి, బ్రిటన్ వాళ్లది. కాల్‌లో ఒకాయన అవర్ మేనేజర్ త్రూ ఎ వాబ్లీ అన్నాడు, నేనేమో ఏదో వస్తువు విసిరేశాడేమో అనుకుని ఎవరికీ దెబ్బ తగల్లేదుగా అని అడిగేశా. అటువైపు సైలెంట్. తర్వాత తెలిసింది, త్రో ఎ వాబ్లీ అంటే చిన్నపిల్లాడిలా చిందులు తొక్కడమని. ఆ మేనేజర్ కూడా అదే కాల్‌లో ఉన్నాడండీ బాబూ.