హైదరాబాదు ఇప్పుడు పొరుగు రాష్ట్రమండీ

అందరికీ నమస్కారమండీ.

మన గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారం పెరుగుతోందా అంటే, కొట్లు లెక్కపెట్టి చెప్పేవాళ్లే ఎక్కువ. ఆత్రేయపురంలో పూతరేకుల బోర్డులు పెరిగాయి, కడియం నర్సరీలు చుట్టుపక్కల ఊళ్లకూ పాకాయి. నిజమే. కానీ అసలు మార్పు సరుకు పోయే దారిలో ఉంది. ఒకప్పుడు కొనేవాడు కొట్టుకొచ్చేవాడు. ఇప్పుడు ఫోను చేసి పెట్టె పంపమంటున్నాడు. ఆ ఫోను హైదరాబాదు నుంచైతే, 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. చుట్టరికాలకు అడ్డురాని ఆ సరిహద్దు గీత జీఎస్టీకి అడ్డొస్తుంది.

ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ధైర్యంగా ఉంటాం. ఆ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మే సరుకుకే. పన్ను పడే సరుకు ఒక్క పెట్టె గీత దాటించినా, టర్నోవరు 4 లక్షలే అయినా, రిజిస్ట్రేషన్ తప్పదు. చుట్టం కొట్టుకొచ్చి కొనుక్కుపోతే పేచీ లేదు. మీరే పార్సిల్ చేస్తే అది అంతర్రాష్ట్ర అమ్మకం. పోనీ, 1.5 కోట్ల అమ్మకం దాకా 1 శాతం పన్నుతో సరిపెట్టే కాంపొజిషన్‌లో ఉంటే? వాళ్లు రాష్ట్రం బయటికి అమ్మనే కూడదు. ఆర్డర్లు పెరిగాక ఈ సంగతి తెలిస్తే పాత బిల్లులన్నీ తిరగేయాలి.

అన్ని సరుకులకూ ఇదే లెక్క కాదు. కడియం మొక్కల మీద పన్ను లేదు కనుక, మొక్కలే అమ్మే నర్సరీ లారీలు దేశమంతా పంపినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్కన ప్లాస్టిక్ కుండీలు, ఎరువు బస్తాలు కూడా అమ్మితే ఆ రక్షణ పోతుంది. నరసాపురం చేతి అల్లిక లేసుకు మరో దారి: హస్తకళ కనుక 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ లేకుండానే రాష్ట్రం దాటించొచ్చు. కాకపోతే పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే పత్రం) తీయాలి. ఆ రెండోదాన్నే చాలామంది మరిచిపోతారు.

పూతరేకులకు రెగ్యులర్ రిజిస్ట్రేషన్ అంటే భయపడతారు గానీ, అంత నష్టమేమీ లేదు. మిఠాయి మీద 5 శాతం వసూలు చేసి కడతారు. నెయ్యికీ అట్టపెట్టెలకూ కట్టిన పన్ను అందులోంచి తగ్గించుకుంటారు. నెయ్యి మీద పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి దిగింది. 5 కోట్ల లోపు వాళ్లు రిటర్ను మూడు నెలలకోసారి వేయొచ్చు, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. అమ్మకం లేదని రిటర్ను మానేస్తే లేటు ఫీజు పడుతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దాన్ని పెట్టె మీద వేసుకోవాలంటే అధీకృత వాడకందారుగా విడిగా నమోదు కావాలి. ఇక పెట్టె సంగతి. కాగితమంత పలచని రేకు బరువు కింద నలుగుతుంది, చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. బెల్లం చెమ్మను ఇంకా లాగుతుంది. అందుకే ఖాళీ లేకుండా బిగువుగా సర్దాలి, పైపెట్టె గట్టి అట్టది కావాలి. మడతపెట్టేటప్పుడు రేకుకు తగిలిన తడి ఆరకుండానే కట్టేసిన పెట్టె దారిలోనే పాడవుతుంది. నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు తినాలి, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు పెట్టె మీద ఉండాలి.

ఇక అప్పు. పట్నం మిఠాయి దుకాణం రోజుకు 50 పెట్టెలు అడిగిందనుకోండి. పెట్టెకు ఖర్చు 150, లాభం 30. రోజుకు 7,500 మన చేతినుంచి పోతుంది. డబ్బు 45 రోజులకొస్తే 3,37,500 ఇరుక్కుంటుంది. ఆ 45 రోజుల లాభమేమో 67,500. ఆర్డరు రెట్టింపైతే ఇరుక్కునేది 6,75,000. నేతి డబ్బాకు నగదు పోయాలి, రేకులు తీసే ఆడవాళ్ల కూలి ఆపలేం. అమ్మకం పెరిగిన ఏడాదే చిట్టీ పాడుకోవలసి రావడానికి కారణం ఇదే. మొదటి నెలంతా సగం డబ్బు ముందే అడగండి. ఇవ్వనంటే 25 పెట్టెలకే ఒప్పుకోండి.

చట్టం కొంత మన వైపే ఉంది. రాతకోతల్లో గడువు లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) కావాలి. సరుకు ఇవ్వకముందే చేయించుకుంటే తరవాత వాదన ఉండదు. నింపేటప్పుడు ‘తయారీ’ అని పెట్టాలి. తొందరలో ‘వ్యాపారి’ అని పెడితే బ్యాంకు అప్పుకు పనికొస్తుంది గానీ, ఈ వడ్డీ హక్కు రాదు. ప్రభుత్వ పోర్టల్లో ఇది ఉచితం. ఫీజు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.