ఫిట్స్ మాత్రలతో పాటు అమైనో ఆమ్లాల పొడి వాడొచ్చా? – ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. మూర్ఛకి మందులు వాడుతున్నవాళ్లు అమైనో ఆమ్లాల పొడులు, క్యాప్సూల్స్ తీసుకోవచ్చా అన్నది ఈ రోజు విషయం. నరాల వైద్యులు మనతో ఉన్నారు. మొదటి కాల్… హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయికి 22 ఏళ్లు. ఫిట్స్‌కి సోడియం వాల్‌ప్రోయేట్ వేసుకుంటాడు. రెండేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు జిమ్‌లో చేరి బీసీఏఏ అని ఏదో డబ్బా తెచ్చుకున్నాడు. వద్దంటే వినడం లేదు.

డాక్టర్: రెండేళ్లు రాలేదంటే చాలా సంతోషమమ్మా. బీసీఏఏ అంటే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు. మనం తినే మాంసకృత్తుల్లో రోజూ ఉండేవే. అవే ఫిట్స్ తెప్పిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అయితే ఆ డబ్బా మీద ఇంకేం రాసి ఉంది? దగ్గరుంటే చదవండి.

శ్రోత: ఉందండీ… టారిన్, బి6, కెఫీన్ 200 మిల్లీగ్రాములు.

డాక్టర్: ఆ కెఫీనే నన్ను ఆలోచింపజేస్తోంది. ఎప్పుడు తాగుతాడు?

శ్రోత: సాయంత్రం, జిమ్‌కి వెళ్లేముందు. రాత్రి ఒంటిగంటయినా పడుకోడు.

డాక్టర్: చూశారా. నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తాయి, ఇది మేం రోజూ చూసేదే. రెండేళ్లుగా అదుపులో ఉన్న జబ్బు తిరగబెట్టడానికి నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రలేకపోతే చాలు. కెఫీన్ ఉన్న పొడి మానేయమనండి. బి6 విటమిన్ గురించి కూడా ఒక మాట. పెద్ద మోతాదులో తీసుకుంటే ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ అనే ఫిట్స్ మందులు రక్తంలో తగ్గిపోవచ్చు. మీ అబ్బాయి మందు వేరు కాబట్టి ఆ బెంగ లేదు.

శ్రోత: అంటే కెఫీన్ లేనిదైతే తాగొచ్చా?

డాక్టర్: వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ల విషయంలో ఇంకొకటి చూడాలమ్మా. అమైనో ఆమ్లాలు ఒంట్లో విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. దాన్ని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. వాల్‌ప్రోయేట్ కొందరిలో ఈ పనికి అడ్డుపడుతుంది, కొవ్వుని శక్తిగా మార్చడానికి ఒంటికి కావాల్సిన కార్నిటిన్‌ని కూడా తగ్గిస్తుంది. చాలామందికి ఏమీ కాదు. కానీ ఎప్పుడూ లేని మత్తు, వాంతులు, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి అమ్మోనియా పరీక్ష అడగండి. మామూలు లివర్ పరీక్షలు బాగానే ఉన్నా అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. టోపిరమేట్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా కలిపి వాడేవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇళ్లలో పసిపిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కారణం తెలియకుండా పోయారా?

శ్రోత: లేదండీ, అలాంటిదేమీ లేదు.

డాక్టర్: మంచిది. అలా జరిగి ఉంటే పుట్టుకతోనే అమ్మోనియాని వదిలించుకోలేని లోపం ఉందేమోనని చూడాలి. ఉన్నవాళ్లకి వాల్‌ప్రోయేటే ఇవ్వకూడదు. మీరు మాత్రం ఆ డబ్బాని ఫొటో తీసి మీ డాక్టరుగారికి చూపించండి. వాడితో గొడవ పడకండి, వెంట తీసుకెళ్లండి. ఆయన చెబితే వింటాడు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. హలో, రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

శ్రోత: సార్, నేను గాబాపెంటిన్ వాడతాను. ప్రోటీన్‌తో కలిస్తే మందు ఒంటికి పట్టదని ఎవరో అన్నారు. నిజమేనా?

డాక్టర్: ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదండీ. లూసిన్ లాంటివి పేగులోంచి రక్తంలోకి వెళ్లే ద్వారంలోంచే గాబాపెంటిన్ కూడా వెళుతుంది. ఆ ద్వారం ఇరుకు. అందుకే రోజుకి 900 మిల్లీగ్రాములు వాడితే సుమారు 60 శాతం ఒంటికి పడుతుంది, 4800 వాడితే 27 శాతమే. అయినా మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో ఇచ్చి చూస్తే మందు తగ్గలేదు. మీరు కంగారు పడొద్దు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందు వేసుకుంటే మాత్రం రెండు గంటల తర్వాతే ఈ మాత్ర వేసుకోండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: డాక్టరుగారూ, గాబా, టారిన్ క్యాప్సూల్స్ వాడితే ఫిట్స్ సహజంగానే తగ్గుతాయట. లెవెటిరసెటమ్ తగ్గించుకుంటూ అవి మొదలుపెడదామని…

డాక్టర్: వద్దమ్మా. తగ్గించడం మొదలుపెట్టారా?

శ్రోత: ఇంకా లేదండీ.

డాక్టర్: హమ్మయ్య. గాబా మెదడుని శాంతపరిచే రసాయనమే, కానీ మింగిన గాబా మెదడులోకి వెళ్లేది చాలా తక్కువ. టారిన్‌ని 1970లలోనే రోగులకి ఇచ్చి చూశారు, నమ్మదగ్గ ఫలితం రాలేదు. మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. అసలు తగ్గించాలని ఎందుకనిపించింది?

శ్రోత: (కాసేపాగి) ఊరికే కోపం వస్తోందండీ. పిల్లల మీద అరుస్తున్నాను. తర్వాత ఏడుస్తున్నాను. నేను ఇలా ఉండేదాన్ని కాదు.

డాక్టర్: అది మీ స్వభావం మారడం కాకపోవచ్చమ్మా. ఈ మందుతో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. మాకు బాగా తెలిసిన సంగతే. మాత్ర మొదలుపెట్టాకే వచ్చిందా?

శ్రోత: ఆ… అవునండీ, మాత్ర మార్చాకే. నేను ఇంట్లో పనుల వల్ల అనుకున్నాను.

డాక్టర్: ఇదే మాట మీ డాక్టరుగారికి చెప్పండి. మోతాదు మార్చొచ్చు, కొత్త మందు మెల్లగా పెంచుతూ దీన్ని తగ్గించొచ్చు. ఆ పని వారే చేయాలి. ఈ రాత్రి మాత్ర మామూలుగానే వేసుకోండి, రేపు పొద్దున్నే ఫోన్ చేయండి. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా పొద్దుటిదాకా ఆగొద్దు, ఇంట్లో ఎవరినైనా లేపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివి ఏమైనా వస్తున్నాయా?

శ్రోత: లేదండీ. అంతదాకా లేదు.

డాక్టర్: సరే అమ్మా. రేపు ఫోన్ చేసేటప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ కోపం ఎప్పటినుంచి చూస్తున్నారో ఆయన కూడా చెబుతారు.