స్పానిష్‌లో ఉంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది టెక్సస్‌లో పబ్లిక్ హెల్త్ చదువుతూ క్లినిక్‌లలో వాలంటీర్లుగా చేస్తున్నారు కాబట్టి సూటిగా చెప్తాను. లాటినో పేషెంట్లకి, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లకి, లైంగిక ఆరోగ్యం మీద కరపత్రం కావాలనగానే, ఉన్న ఇంగ్లిష్ కాగితాన్ని మెషిన్‌లో వేసి స్పానిష్ చేసేయడం మనవాళ్లకి అలవాటు. దయచేసి ఆ పని చెయ్యకండి. అమెరికా జనాభాలో లాటినోలు సుమారు ఐదో వంతే, అయినా 2022లో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవాళ్లలో దాదాపు మూడో వంతు వాళ్లేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

ముందు మెడ్‌లైన్‌ప్లస్ చూడండి, అది అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య సమాచార వెబ్‌సైట్. పేజీ పైన ‘ఎస్పాన్యోల్’ అని ఉంటుంది, అది నొక్కితే అదే విషయం స్పానిష్‌లో వస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే స్పానిష్ రానివాళ్లకి కూడా ఏ పేరా దేని గురించో తెలుస్తుంది. దొరికింది వెంటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. 2025 జనవరి ఆఖర్లో సీడీసీ సైట్‌లో చాలా పేజీలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి, కోర్టు చెప్తే గానీ కొన్ని తిరిగి రాలేదు.

టీనేజ్ పిల్లల కోసమైతే ‘కుయీదాతే’ (నిన్ను నువ్వు జాగ్రత్తగా చూసుకో) అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం గురించి చదవండి. నర్సింగ్ పరిశోధకురాలు ఆంటోనియా విల్లారుయెల్, ఆమె బృందం లాటినో పిల్లల కోసమే తయారుచేశారు. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, కుటుంబం మీద వాళ్లకున్న మమకారాన్ని, మగతనం గురించి వాళ్ల ఇళ్లలో వినిపించే మాటల్ని తప్పుపట్టకుండా, మగాడంటే తనవాళ్లని కాపాడుకునేవాడు, అందుకే కండోమ్ వాడతాడు అన్న వైపుకి తిప్పారు. ఉత్త అనువాదంతో ఇది రాదు.

ఇంకో సంగతి, లాటినోలందరికీ స్పానిష్ మాతృభాష కాదు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో మామ్, కిచే మాట్లాడేవాళ్లున్నారు, మెక్సికోలోని వహాకా నుంచి వచ్చినవాళ్లలో మిష్టెకో మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి స్పానిష్ కాగితం చేతిలో పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. మనిషే వెళ్లి చెప్పాలి, లేదంటే ఆడియో వినిపించాలి.

అందుకే ప్రమోటోరాలని కలవండి. మన ఆశా కార్యకర్తల్లాగా ఆ వాడల్లోనే ఉంటూ ఆరోగ్యం గురించి చెప్పే ఆడవాళ్లు వీళ్లు, ఏ బొమ్మ చూస్తే తల్లులు కాగితం మడిచి దాచేస్తారో, ఏది ఇంట్లో బల్ల మీద ఉంచుతారో వాళ్లకే తెలుసు. ప్రింట్‌కి ఇచ్చే ముందు ఒక కాపీ వాళ్లకి ఇచ్చి చదివించండి, వాళ్ల టైమ్‌కి డబ్బులివ్వండి. మీ క్లినిక్‌లో ఇమిగ్రేషన్ కాగితాలు అడగకపోతే ఆ మాట మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో వేయించండి, ఆ టెన్షన్ తీరకుండా లోపలి పేజీ ఎవరూ తిప్పరు.