ప్లాన్ 9 ను ఇంట్లో నడిపి చూద్దాం

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలోని మా గదిలో, ఎస్‌పీ రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్ మీద, ఈ రోజు మనం ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి చూడబోతున్నాం. న్యూజెర్సీలోని మరే హిల్‌లో, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలోనే, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, డేవ్ ప్రెసొట్టో, ఫిల్ వింటర్‌బాటమ్ వంటి పరిశోధకులు తమ సొంత పని కోసం దీన్ని నిర్మించుకున్నారు.

నడిపే ముందు ఇది మన చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది విడుదల అంటే ఒక్క రోజులో అయిపోయే పని అనుకుంటారు. 1992లో మొదటి కూర్పు విశ్వవిద్యాలయాలకు మాత్రమే అందింది. 1995లో రెండో కూర్పును పుస్తకాలు, సీడీతో కలిపి అమ్మకానికి పెట్టారు. 2000 జూన్‌లో వచ్చిన మూడో కూర్పుతో సోర్స్ కోడ్ అందరికీ తెరుచుకుంది గానీ, ఆ లైసెన్సులోని కొన్ని షరతులను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం వారు తప్పుపట్టారు. నా దృష్టిలో ఆ అభ్యంతరం న్యాయమైనదే, కోడ్ చదవనివ్వడం వేరు, దాన్ని మార్చి నిశ్చింతగా పంచుకోనివ్వడం వేరు. 2002లో నాలుగో కూర్పు వచ్చింది. చివరికి 2021 మార్చిలో, అప్పటికి బెల్ ల్యాబ్స్‌కు యజమాని అయిన నోకియా ఈ హక్కులను ప్లాన్ 9 ఫౌండేషన్‌కు అప్పగించడంతో, పాత కూర్పులన్నీ, కోడ్‌ను మార్చి స్వేచ్ఛగా పంచుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కిందికి వచ్చాయి.

ఇక పనిలోకి దిగుదాం. ఈ వ్యవస్థను ఇప్పటికీ శ్రద్ధగా పెంచుతున్నవారి కూర్పు 9ఫ్రంట్. దాని ఐఎస్ఓ ఫైలును, అంటే డిస్కు నకలును దించుకుని, కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను అనుకరించే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాంలో బూట్ చేయండి. వాడుకరి పేరు అడిగినప్పుడు ముందే పెట్టి ఉన్న గ్లెండా అనే పేరు చూపిస్తుంది, ఎంటర్ నొక్కితే చాలు. మూడు బటన్ల మౌస్ తప్పనిసరి. చక్రం ఉన్న మామూలు మౌస్‌లో ఆ చక్రమే మధ్య బటన్ అవుతుంది. కుడి బటన్ నొక్కి పట్టుకుని, న్యూ అన్నదాన్ని ఎంచుకుని, అదే బటన్‌తో తెర మీద ఒక గడి గీయండి. విండో తెరుచుకుంటుంది. అలాగే రెండోది కూడా తెరిచి, అందులో ఏవైనా నాలుగు మాటలు టైప్ చేసి ఉంచండి.

ఇప్పుడు మొదటి విండోకు వచ్చి, డైరెక్టరీలో ఏమున్నాయో చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డెవ్ స్లాష్ డబ్ల్యూసిస్ అని ఇవ్వండి. కొన్ని అంకెలు కనిపిస్తాయి. ఒక్కొక్క అంకె ఒక్కొక్క విండోకు చెందిన డైరెక్టరీ. రెండో విండో అంకె తర్వాత స్లాష్ టెక్స్ట్ అని చేర్చి, ఫైలులో ఉన్నదాన్ని తెర మీద చూపే క్యాట్ కమాండ్‌తో చదివితే, మీరు అక్కడ రాసిన మాటలు ఇక్కడ ప్రత్యక్షమవుతాయి. ప్లాన్ 9 అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది ఈ ఒక్క కమాండ్ దగ్గరే: విండో కూడా ఫైలే, దాన్ని చదవడానికి ప్రత్యేకమైన సాధనమేదీ అక్కర్లేదు. 9పీ అనే ప్రోటోకాల్ ద్వారా ఆ ఫైలు పక్క కంప్యూటర్లో ఉన్నా ఇదే పద్ధతిలో చదవవచ్చు.

తెలుగువారికి ఇందులో ఒక బంధం ఉంది. 1992 సెప్టెంబరులో థాంప్సన్, పైక్ న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని, అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించి, కొద్ది రోజుల్లోనే ప్లాన్ 9 మొత్తాన్ని దానికి మార్చేశారు. పరీక్షించడానికి, ఇచ్చినదాన్ని తిరిగి పలికే ఎకో కమాండ్, ఆ తర్వాత మైనస్ ఎన్ కొట్టి, ఆల్ట్ నొక్కి వదిలి, పెద్ద ఎక్స్, ఆ వెంటనే సున్న, సి, సున్న, ఐదు కొట్టండి, అది ‘అ’ అక్షరపు సంకేత సంఖ్య. ఫాంటు లేకపోతే అక్షరం తెర మీద సరిగా కనిపించకపోవచ్చు, కంగారు పడకండి. దాన్ని పైపు గుర్తుతో, లెక్కపెట్టే కమాండ్ అయిన డబ్ల్యూసీ మైనస్ ఆర్‌కు పంపితే ఒకటి అని, మైనస్ సీకి పంపితే మూడు అని వస్తుంది: ఒక అక్షరం, మూడు బైట్లు. ఈ వీడియో కింద మీరు తెలుగులో రాసే అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ అదే లెక్కన నిల్వ అవుతుంది.

ముగించేటప్పుడు క్యూఈఎంయూ విండోను నేరుగా మూసేయకుండా, ప్లాన్ 9 లోపల ఎఫ్‌ఎస్‌హాల్ట్ అని కొట్టి, యంత్రం ఆగేదాకా వేచి ఉండండి.