ముసలి కుక్కకు పెద్ద ఆపరేషన్: ఖర్చు మాట దాచుకోకుండా

సభకు నమస్కారం.

పదేళ్లు, పన్నెండేళ్లు మన కాళ్ల దగ్గర పెరిగిన కుక్క ఒక సాయంత్రం వీధి మలుపులో ఆటో కింద పడుతుంది. ఎక్స్‌రేలో దాని తొడ ఎముక రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు విన్న ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ సమయం గురించి ఈరోజు మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. పశువుల శస్త్రచికిత్సనే వృత్తిగా చేసుకున్నవాణ్ని కాబట్టి ఆ ముఖాలను బల్లకు ఇవతలి వైపు నుంచి చూస్తూ వచ్చాను. ఖర్చు మాటను వైద్యుడి ఎదుట మొదటి రోజే, సిగ్గుపడకుండా ఎత్తినవారే తమ కుక్కకు తగిన నిర్ణయం తీసుకోగలుగుతారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మాట ఎత్తడానికి జంకినవారు అప్పు చేసి సగం వైద్యం దగ్గర ఆగిపోవడమో, ఏమీ చెప్పకుండా కుక్కను తీసుకుని వెళ్లిపోయి ఇంట్లో దాని బాధ చూస్తూ కూర్చోవడమో జరుగుతుంది.

ముందు ఆ మొదటి రాత్రి సంగతి చెబుతాను. బండి తగిలిన కుక్కలో మన కంటికి కనిపించేది వేలాడుతున్న కాలు, కాని ప్రాణం తీసేది చాలాసార్లు అది కాదు. ఊపిరితిత్తులు నలగడం, లోపల రక్తస్రావం, మూత్రాశయం పగలడం, పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొర చిరగడం వంటివి ముందుగా చూడవలసినవి. చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి ఎగబీలుస్తున్నా, గంటలు గడిచినా మూత్రం రాకపోయినా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. చర్మం చీలి ఎముక బయటికి వచ్చిన గాయానికి, వెనుక కాళ్లలో స్పర్శ పూర్తిగా పోయిన వెన్నుదెబ్బకు ఆలస్యం పనికిరాదు. ఈ రెండూ కాని మామూలు ఎముక విరుపుకు మాత్రం కుక్క స్థిమితపడేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, మేమే ఆగుతాము. కాబట్టి ఆ రాత్రి పదకొండు గంటలకు, ఏడుస్తున్న పిల్లల మధ్య, లక్ష రూపాయల నిర్ణయం తీసుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. నొప్పి తగ్గించే ఇంజెక్షన్, సెలైన్, కాలు కదలకుండా తాత్కాలిక కట్టు, ఈ మూడింటితో ఆ రాత్రి గడుస్తుంది. ఆలోచించుకోవడానికి ఆ వ్యవధిని అడిగి తీసుకోండి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మాత్రం వేయకండి. మనుషులకు రోజూ వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫేన్, డైక్లోఫెనాక్ కుక్కల్లో కాలేయాన్ని, కడుపు పొరను, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ముసలి కుక్కలో మూత్రపిండాలు అప్పటికే బలహీనపడి ఉంటే ఆ ఒక్క మాత్ర వల్లే ఆపరేషన్ అసాధ్యం కావచ్చు. (ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు అంతరించిపోతున్నాయని 2006లో మన దేశం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. అయినా ఆ మాత్ర ఇంకా ఇళ్లలో కుక్కల నోట్లోకి వెళ్తూనే ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.) ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుందని కూడా గుర్తుంచుకుని, మూతికి మెత్తని గుడ్డ చుట్టి, దుప్పటి మీద పడుకోబెట్టి, నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని తీసుకురండి. ఆయాసపడుతున్న కుక్కకూ, వాంతి చేసుకుంటున్న కుక్కకూ మాత్రం మూతి కట్టకూడదు.

ఇక తెల్లవారాక వచ్చే మొదటి ప్రశ్న వయసు గురించి. “ముసలిది కదా డాక్టరుగారూ, మత్తుకు తట్టుకుంటుందా?” అని అడగని కుటుంబం లేదు. ఇది సరైన ప్రశ్న, దీనికి లెక్కతో జవాబు ఉంది. బ్రిటన్‌లో దాదాపు 98 వేల కుక్కల మీద జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు మొత్తం మీద 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో అది 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. వయసు పెరిగినకొద్దీ ప్రమాదం పెరిగిన మాట నిజమే కాని, ఆరోగ్యవంతమైన కుక్కకూ రోగిష్టి కుక్కకూ మధ్య ఉన్న తేడా ఎంత పెద్దదో చూడండి. అందుకే రక్త పరీక్ష, మూత్రపిండాల, కాలేయ పరీక్షలు, గుండె చప్పుడులో తేడా ఉంటే ఎకో పరీక్ష అవసరమవుతాయి. ఇవి బిల్లు పెంచడానికి రాసినవని అనుమానించవద్దు. ఆపరేషన్ చేయవచ్చో లేదో తేల్చేవి అవే. అదే అధ్యయనంలో కుక్కల మరణాల్లో సుమారు సగం ఆపరేషన్ ముగిసిన తరువాత, అందులోనూ ఎక్కువగా మొదటి మూడు గంటల్లో జరిగాయి. కాబట్టి “ఆపరేషన్ ఎవరు చేస్తారు?” అని అడిగినంత శ్రద్ధగా “ఆ తరువాత మా కుక్క పక్కన ఎవరు కూర్చుంటారు?” అని కూడా అడగండి.

పెద్ద జాతి ముసలి కుక్క విషయంలో మరొకటి తప్పక చూడాలి. లాబ్రడార్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ వంటివి చిన్న దెబ్బకే, మెట్టు దిగినంత మాత్రానికే కాలు విరుచుకుంటే, ఆ ఎముక అప్పటికే క్యాన్సర్‌తో గుల్లబారి ఉండవచ్చు. ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందేమో ఛాతీ ఎక్స్‌రేలో చూడకుండా విరిగిన ఎముకకు లోహపు ప్లేటు వేయడం మొదలుపెడితే డబ్బూ పోతుంది, కుక్కకు అనవసరమైన బాధా మిగులుతుంది.

బిల్లు సంగతికి వద్దాం. నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో తొడ ఎముకకు ప్లేటూ స్క్రూలూ వేసే ఆపరేషన్ పదుల వేలల్లో ఉంటుంది, కొన్నిచోట్ల లక్ష దాటుతుంది. అందులో పరీక్షలు, మత్తు, ఇంప్లాంటు (అంటే ఆ ప్లేటూ స్క్రూలూ), సర్జన్ ఫీజు, ఆసుపత్రిలో ఉంచే రోజుల ఖర్చు ఎంతెంతో విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. తరువాత వచ్చే డ్రెస్సింగులు, మందులు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు తీసే ఎక్స్‌రే ఆ అంచనాలో కలిసి ఉన్నాయో లేదో, ఎముక అతకకపోతే, చీము పడితే రెండోసారి అయ్యే ఖర్చు ఎవరిదో కూడా అడగండి. ఆ తరువాత అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: “మా దగ్గర ఇంతే ఉంది. ఇందులో మా కుక్కకు ఏది మంచిది?” ఈ మాట విని చిన్నచూపు చూసే వైద్యుడు ఉంటే మరో వైద్యుణ్ని వెతుక్కోండి. మాకు చదువులో నేర్పిన దారి ఒక్కటే కాదు. తుంటి కీలు జారితే మత్తిచ్చి చేత్తో కూర్చోబెట్టవచ్చు. అది నిలవకపోతే ఆ కీలులో కూర్చునే తొడ ఎముక తలను తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. కటి ఎముక విరిగినా బరువు మోసే భాగం చెక్కుచెదరకపోతే చాలా కుక్కలు నాలుగైదు వారాల కట్టడి విశ్రాంతితోనే లేచి నడుస్తాయి. కాలు బాగుచేయలేని స్థితిలో ఉంటే దాన్ని తీసేయడం కూడా వైద్యమే. మాట వినడానికే కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. అయితే కుక్క తన బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద మోస్తుంది కాబట్టి, వెనుక కాలు పోయిన కుక్క మిగతా కీళ్లు బాగుంటే కొన్ని వారాల్లోనే మూడు కాళ్ల మీద పరుగు అందుకుంటుంది. బరువెక్కి, మిగిలిన మోకాళ్లు అరిగిన ముసలి కుక్కకు మాత్రం నేను ఆ సలహా ఇవ్వను.

మన ప్రాంతంలో తప్పక వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: “పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?” ఆ ఊరి పేరు మీద ప్రజలకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కాని కట్టు ఏదైనా, ఎవరు కట్టినా, విరిగిన చోటుకు పైనున్న కీలూ కింద ఉన్న కీలూ రెండూ కదలకుండా ఉంటేనే ఎముక అతుకుతుంది. మోచేతి కింద, మోకాలి కింద అది సాధ్యం. తొడ ఎముకకు పై కీలు తుంటి, ముందు కాలి పై ఎముకకు పై కీలు భుజం. కుక్క శరీరంలో వాటిని కట్టుతో ఆపలేము. పైగా బిగుతు కట్టు కింద రక్తం ఆడక పాదం చల్లబడి కుళ్లిపోతే, అతకవలసిన కాలును తీసేయవలసి వస్తుంది. కట్టు కింద వేళ్లు వాచినా, దుర్వాసన వచ్చినా ఆరోజే విప్పించండి.

డబ్బు సరిపోనివారు పశువైద్య కళాశాలల ఆసుపత్రులను మరిచిపోకూడదు. హైదరాబాదులో రాజేంద్రనగర్, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం కళాశాలల్లో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. చిత్తూరు, నెల్లూరు వైపు వారికి 1903లో మొదలైన చెన్నై వేపేరి కళాశాల కూడా అందుబాటులో ఉంది. ఫీజు ప్రైవేటుకంటే బాగా తక్కువగా ఉంటుంది. ఇంప్లాంటు మీరే కొని తేవలసి రావచ్చు, వరుసలో నిలబడవలసి రావచ్చు. విద్యార్థులు చుట్టూ మూగుతారని కొందరు జంకుతారు గాని, ఒక కేసును అంతమంది కళ్లు చూడటం రోగికి మేలేనని నా అభిప్రాయం.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయం చెబుతాను. ఈ రోజుల్లో మన ఇళ్లలో డబ్బు పంపేవారు ఒకరు, కుక్కను మోసేవారు ఇంకొకరు. కొడుకు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటాడు. చదువుకునే రోజుల్లో తాను తెచ్చిన కుక్కపిల్ల ఇప్పుడు ముసలిదై అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. వీడియో కాల్‌లో అతను “ఎంతైనా పరవాలేదు డాక్టర్, మా వాడికి బెస్ట్ ట్రీట్‌మెంట్ ఇవ్వండి” అంటాడు. ఆ ప్రేమలో కల్తీ లేదు. కాని ఫోను పక్కనే, మోకాళ్లు అరిగిన డెబ్బై ఏళ్ల తండ్రి కుక్క తల నిమురుతూ ఏమీ అనకుండా నిలబడి ఉంటాడు. వారిది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ముప్పై కిలోల కుక్కను ఎనిమిది వారాల పాటు రోజుకు నాలుగైదు సార్లు కిందికి దించి ఎక్కించవలసినవాడు ఆయన. నేను ఫోను పక్కన పెట్టించి ముందు ఆయనతో మాట్లాడతాను. “అయ్యా, మీకు రాత్రి లేచే ఓపిక ఉందా? పనిమనిషి దీన్ని ముట్టుకుంటుందా? కింద వాటా వాళ్లు రెండు నెలలు ఒక గది ఇస్తారా?” ఒక్కోసారి ఆ ప్రశ్నలకు జవాబులు దొరికాకే ఆపరేషన్ సాధ్యమవుతుంది. కొడుకు పంపే డబ్బులో కొంత ప్లేటుకు బదులు రోజూ వచ్చి మోసే మనిషికి జీతంగా పెడితే కుక్కకు ఎక్కువ మేలు జరిగే ఇళ్లు కూడా ఉన్నాయి.

ఆ సేవ ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. పాత నేత చీరను పొడవుగా నాలుగు మడతలు వేసి, కుక్క పొట్ట కింద, వెనుక కాళ్లకు ముందుగా వచ్చేలా దూర్చి, రెండు కొసలూ పైకి పట్టుకుంటే దాని వెనుక భాగం బరువు మీ చేతుల్లోకి వస్తుంది. అది ముందు కాళ్లతో నడుస్తుంది, మీరు వెనుక నడుస్తారు. మగ కుక్క అయితే చీర మూత్రం వచ్చే చోట నొక్కకుండా చూసుకోవాలి, లేకపోతే పోయదు. మన ఇళ్లలోని నున్నటి గ్రానైటు, పాలరాయి ఈ కుక్కలకు పెద్ద శత్రువులు. ఒక్కసారి కాళ్లు జారి చతికిలబడితే స్క్రూ ఊడవచ్చు. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా జారని రబ్బరు పట్టలు పరచండి. కుట్లు నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలరు తొడగండి. అది దీనంగా చూసినా తీయకండి. కదలిక లేని ఆ వారాల్లో తిండి కొంత తగ్గించండి, జాలి కొద్దీ పెట్టే ప్రతి బిస్కెట్టూ ఆ కాలి మీదే బరువవుతుంది.

ఎంత చేసినా లాభం లేని సందర్భాలు ఉంటాయి, వాటిని తప్పించుకుని మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం ప్రతిపాదించారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉండటం అనే ఏడు అంశాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి, మొత్తం 35 దాటితే జీవితం సహించదగినదిగా ఉందని భావిస్తారు. మొత్తం అంకెకంటే నాకు ఉపయోగపడింది ఇంట్లో ఒక్కొక్కరూ విడిగా, ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయడం. రోజంతా పక్కన ఉండే తల్లి వేసిన మార్కులకూ సాయంత్రం వచ్చే తండ్రి వేసినవాటికీ తేడా వచ్చినచోట అసలు మాట మొదలవుతుంది.

కారుణ్య మరణం నిర్ణయించుకున్నవారు అది పాపమా అని అడుగుతారు. మత విషయం చెప్పే అర్హత నాకు లేదు, జరిగేది మాత్రం చెప్పగలను. ముందు నెమ్మదింపజేసే ఇంజెక్షన్, తరువాత నరంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తాము. కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది, ఆ తరువాతే ఊపిరి, గుండె ఆగుతాయి. కళ్లు మూసుకోకపోవచ్చు, ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు కదలిక రావచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. మీరు తల పట్టుకుని కూర్చోదలచుకుంటే ముందే చెప్పండి, కూర్చోనిస్తాము. భరించలేకపోతే బయట ఉండండి, మేము దాన్ని ఒంటరిగా వదిలిపెట్టము. చేయకూడనిది ఒకటే: ఆసుపత్రి గేటు దగ్గరో ఊరి చివరో దాన్ని వదిలేసి పోవడం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మూడో సెక్షన్ పెంచినవారి మీద సంరక్షణ బాధ్యత ఉంచింది, పదకొండో సెక్షన్ అలా వదిలేయడాన్ని నేరంగా పేర్కొంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే కావడం ఆ చట్టానికి గౌరవం తెచ్చే సంగతి కాదు, కాని నేరం నేరమే.

ఇంకా ఆరోగ్యంగా ఉన్న కుక్కలు ఇంట్లో ఉన్నవారికి ఒక మాట. కుక్కల బీమా మన దేశంలో దొరుకుతోంది కాని, చేర్చుకునే వయసుకు పరిమితి ఉంటుంది, అప్పటికే ఉన్న గాయానికి వర్తించదు. ముసలి వయసులో దాని కోసం వెతికి ప్రయోజనం లేదు. అంతకంటే బ్యాంకులో దాని పేరున అనుకుని నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టడం మేలు. వీధిలోకి తీసుకెళ్లేటప్పుడు గొలుసు తీయకండి. చెవులు మందగించిన ముసలి కుక్కకు హారన్ వినిపించదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. రిపోర్టులు, ఎక్స్‌రేలు వెంట తెచ్చినవారు ముందు వరుసలోకి రండి, వాటిని ఒక్కొక్కటిగా చూస్తాను. మిగిలినవారు ప్రశ్నలు అడగవచ్చు. ఖర్చు గురించి అయితే మరీ మంచిది.